ఎగుమతి సీసాకో లెక్క, మన పిల్లల సీసాకో లెక్కా?

పప్పులో రాళ్ళు ఏరకుండా పొయ్యి మీద పెట్టం. పాలు వాసన చూడకుండా పిల్లాడికి పట్టం. కానీ దగ్గు మందు సీసా దగ్గర మన తెలివితేటలేవీ పనికి రావు. ఎర్రగా, తియ్యగా ఉంటుంది, అంతే. లోపల విషం ఉందో లేదో తేల్చగలిగేది లేబొరేటరీ ఒక్కటే. అందుకే ఈ పోట్లాట.

ముందే చెప్తున్నా, చవక మందుల మీద నాకేం కోపం లేదు. "జెనరిక్కా? అది పనిచేస్తుందా?" అని మూతి విరిచేవాళ్ళతో నాకెప్పుడూ పేచీయే. ఏడాదికి పదివేల డాలర్లు దాటే ఎయిడ్స్ మందుల్ని 2001లో 350 డాలర్లకే ఇస్తామన్నది మన సిప్లా. విదేశీ ధరకు మనం కొనలేకపోయిన హెపటైటిస్-బి టీకాను 1997లో చవగ్గా తెచ్చింది మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్. ఇది గర్వపడాల్సిన చరిత్రే.

మరి 2022లో గాంబియాలో ఏం జరిగింది? 60 మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. వాళ్ళు తాగిన మన దేశపు సిరప్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా 2023 జూన్ 1 నుంచి ఎగుమతయ్యే దగ్గు మందుకి ముందుగా ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలని రూలు పెట్టింది. మంచిదే. కానీ మనం కొనే సీసాకి ఆ రూలు పెట్టలేదు!

2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. తమిళనాడులో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ 0.1 శాతం మించకూడదు. ఉన్నది 48.6 శాతం. పొరుగింటి పిల్లలకి వడ్డించే ముందు రుచి చూసి, సొంత పిల్లల కంచంలో చూడకుండా పెట్టే తల్లిని ఎక్కడైనా చూశారా?

"లక్షల సీసాలు, ఎలా పరీక్షిస్తారు?" అంటారు. ప్రతి సీసా అక్కర్లేదండీ. మన టీకాల్లో ప్రతి బ్యాచ్‌నీ ప్రభుత్వ ల్యాబ్ చూశాకే బయటికి వదులుతారు కదా! పసిపిల్లల సిరప్‌కీ ఆ పద్ధతే పెట్టండి. ఈ విషం చాలాసార్లు వచ్చేది మందు కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ డ్రమ్ముల్లోంచే. ఫ్యాక్టరీ గేటు దగ్గరే డ్రమ్ము పరీక్షించినా బోలెడు ప్రాణాలు దక్కుతాయి.

"పరీక్షలు పెడితే ధర పెరుగుతుంది" అని ఇంకో బెదిరింపు. సీసాకి ఒకటో రెండో రూపాయలు పెరిగితే పెరగనివ్వండి, నెల ఖర్చుల పుస్తకం రాసేదాన్నే చెప్తున్నా. చవగ్గా దొరకడం మన హక్కు, శుభ్రంగా ఉండడం కూడా మన హక్కే. ఒకటి ఇచ్చాం కదా అని రెండోది ఎగ్గొడితే ఊరుకునేది లేదు.

బిల్లు అడిగి తీసుకోండి. బ్యాచ్ నంబరు చూసుకోండి. డాక్టర్ రాయకుండా పసివాళ్ళకి దగ్గు మందు పొయ్యకండి. ఓటడగడానికి వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపి అడగండి: మా పిల్లల సీసాని ఎవరు పరీక్షించారు బాబూ?