ఒకరి నేరం, ఒకరికి ముద్ర

గచ్చిబౌలి పక్కనే, నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ ముందు వీసాకై బారులు తీరే మన పిల్లలకు కూచిభొట్ల శ్రీనివాస్ గుర్తుండాలి. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్‌లోని ఒలేతాలో, మీది ఏ వీసా అని నిలదీసిన శ్వేతజాతీయుడే ఆయనను కాల్చి చంపాడు. ఇరానీయులను కాల్చానని తరువాత చెప్పుకున్నాడు. ట్రంప్ మాటలతో దీనికి ముడిపెట్టడం అసంబద్ధమన్నది వైట్‌హౌస్. హంతకుడు ఒక్కడే దోషి అయ్యాడు, శ్వేతజాతీయులందరినీ ఎవరూ సంజాయిషీ అడగలేదు. అది న్యాయమే.

ఆ న్యాయం 2007 మే 18నాటి మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదు ముస్లిం యువకులకు దక్కలేదు. నేరం రుజువు కాకముందే వారు శీర్షికలలో ఉగ్రవాదులైపోయారు. న్యాయస్థానం నిర్దోషులన్నది, ప్రభుత్వమే పరిహారం చెల్లించింది. ముద్ర వేసిన పత్రికలు అదే మొదటి పుటలో, అంతే పెద్ద అక్షరాలలో సవరణ ప్రచురించాలని ఇప్పటికీ కోరుతున్నాము.