ఒక బడిపంతులు - ఒక బంతి

గత మాసమున ఒక తండ్రిగారు మా తరగతి గదికి వచ్చి రెండు ప్రశ్నలు వేసిరి. "అయ్యవారూ, మావానికి ఈ ఆటల గంట ఎందుకు? ఆ గంటలో లెక్కలు చెప్పించరాదా?" అనునది మొదటిది. "తమిళనాట బ్రతుకవలసిన వానికి ఈ తెలుగు ఎందుకు?" అనునది రెండవది. ఆయన మంచి ఉద్దేశముతోనే అడిగిరి. బాగలూరు దారిలో పూలతోట సాగుచేసుకొనుచు, తన బిడ్డ తనవలె ఎండలో వంగి పనిచేయకూడదని కోరుకొను తండ్రి ఆయన. అప్పటికి మేమేదో సమాధానము చెప్పితిమి గాని, అది మాకే తృప్తి నీయలేదు. తరువాత ఆలోచింపగా, ఆ రెండు ప్రశ్నలకును ఒక్క మనుష్యుని జీవితమే సమాధానమని తోచినది. ఆయన మావంటి బడిపంతులే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీముగారు 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుకొనుచు దాని జట్టులో ఫుట్‌బాల్ ఆడిరి. పిమ్మట నగరములోని కమర్ క్లబ్బు పక్షమున ఆడిరి. బ్రతుకుతెరువునకు ఉపాధ్యాయవృత్తి చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు చోట్లనున్న పాఠశాలలలో పనిచేసిరి. ఆటగాడు శిక్షకుడగుట లోకమున క్రొత్త కాదు. స్పెయిను దేశమున విసెంతే దెల్ బోస్కే రియల్ మాడ్రిడ్ జట్టులో మైదానపు నడిమి భాగమున ఆడినవాడు. తరువాత శిక్షకుడై 2010లో తన దేశమునకు ప్రపంచకప్పును సాధించిపెట్టెను. కాని రహీముగారి ఆటకును శిక్షణకును నడుమ ఒక బడి యున్నది. ఆయన ఘనత అంతయు ఆ బడిలోనే మొదలైనదని మా నమ్మకము.

1950వ సంవత్సరమున ఆయన హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచినది. దేశపు జట్టు శిక్షణభారమును గూడ ఆయనకే అప్పగించిరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మనవారు ఇరానును 1-0 తేడాతో ఓడించి బంగారు పతకమును గెలిచిరి.

ఆయన నేర్పిన పద్ధతులలో ఒకటి మాకు మిక్కిలి ప్రియమైనది. ప్రతివానికిని ఒక కాలు బలమైనది, రెండవ కాలు బలహీనమైనది యుండును. బంతి ఏ వైపునకు వచ్చినను మనము బలమైన కాలితోనే తన్నజూతుము. ఆ తిరుగుటలో ఒక క్షణము జారిపోవును. ఎదుటివాడు బంతిని కొనిపోవును. దీనికి విరుగుడుగా రహీముగారు, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమము పెట్టి పోటీలు జరిపించిరి. మొదట ఆటగాండ్రు తడబడుదురు, చూచువారు నవ్వుదురు. కొన్నాళ్ళకు ఆ కాలు గూడ మాట వినును. బంతి ఏ వైపునుండి వచ్చినను వెరపు కలుగదు.

ఈ శిక్షకుడు ఓటమి నెరుగనివాడని తలపవలదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్సున మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడినది. మనవారిలో అనేకులు ఆ చలిదేశమున బూట్లు లేక వట్టికాళ్ళతో ఆడిరి. వట్టికాళ్ళ ఆట మనకు అలవాటు. దానిపై మనకొక గర్వము గూడ నుండెను. ఆ ఓటమి పిమ్మట జాతీయ సంఘము బూట్లు తప్పనిసరి చేసినది. అలవాటును మార్చుకొనుట కష్టమే. అయినను నాలుగేండ్లకే, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున, అదే రహీముగారి శిక్షణలో మన జట్టు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించి, నాల్గవ స్థానమును పొందినది. ఒలింపిక్సు ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు మనదే.

1962 నాటి జకార్తా ఆసియా క్రీడల కథ ప్రతి విద్యార్థియు తెలిసికొనవలసినది. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడిరి. రక్షకుడుగా ఆడెడి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. తైవాను, ఇజ్రాయెల్ క్రీడాకారులను రానీయకపోవుటను ఒక భారతీయ ప్రతినిధి ఆక్షేపించినందున అక్కడి జనము మనపై కోపముతో నుండిరి. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు ఆటలో మరల ఆ కొరియాయే ఎదురైనది. రహీముగారు కుట్లు పడిన తలతోనున్న జర్నైలును రక్షణవరుస నుండి తీసి ముందువరుసలో నిలిపిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నైల్ సింగు ఒక గోలు చేసిరి. మనవారు 2-1 తేడాతో గెలిచిరి. ఆ తరువాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోను మన ఫుట్‌బాల్ జట్టునకు బంగారము దక్కలేదు. రహీముగారు 1963 జూను 11వ తేదీన క్యాన్సరు వ్యాధితో మరణించిరి. ఆయన కుమారుడు హకీముగారు మైదానపు నడిమి భాగమున ఆడినవారు; 1960 రోము ఒలింపిక్సు జట్టులో స్థానము పొంది, తరువాత తండ్రివలెనే శిక్షకులై 2021లో మరణించిరి.

ఆ జకార్తా జట్టును ఒకసారి కనులముందు నిలుపుకొనుడు. నాయకుడు చునీ గోస్వామి బెంగాలువాడు. జర్నైల్ సింగు పంజాబీ. ఫ్రాంకో గోవావాడు. చంద్రశేఖరన్ కేరళీయుడు. గోలు కాచిన పీటర్ తంగరాజు హైదరాబాదున పుట్టినవాడు; యూసఫ్ ఖాను గూడ హైదరాబాదు ఆటగాడే. తులసీదాస్ బలరాం తమిళ కుటుంబమున పుట్టి, సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో పెరిగినవాడు. మనము తమిళనేలపై పెరుగు తెలుగు బిడ్డలము. ఆయన తెలుగునేలపై పెరిగిన తమిళ బిడ్డ. ఇంటిమాట వేరు, వీధిమాట వేరు అగుట ఆయన ఆటకు అడ్డము రాలేదు.

ఇక మన సంగతికి వత్తము. మేము చిత్తూరు జిల్లాలో పండిత శిక్షణ పొంది ఈ ప్రాంతమునకు వచ్చిన తొలిదినములలో హోసూరు బస్సు నిలయమున బోర్డు చదువలేక, బేరికె పోవలసిన వారము డెంకణికోట బస్సు ఎక్కితిమి. ఆనాడు సిగ్గుపడితిమి. పిమ్మట మా విద్యార్థులే మాకు తమిళ అక్షరములు దిద్దించిరి. మా తప్పులకు వారు నవ్విరి, మేమును నవ్వితిమి. నేడు తమిళ పత్రికను తడబడకుండ చదువగలము. దానివలన మా తెలుగు ఒక అక్షరమైనను తగ్గలేదు.

మన పిల్లలలో పల్లెల నుండి వచ్చువారికి తమిళము బలహీనమైన కాలు. 2006 నాటి చట్టము తరువాత తమిళము నేర్వక తప్పదు. చట్టము లేకున్నను, ఈ గడ్డపై బ్రతుకువారికి ఆ భాష అవసరము, అది గౌరవింపదగిన గొప్ప భాష. దానికి జంకి ప్రక్కకు తొలగుట వట్టికాళ్ళ గర్వము వంటిదే. కాని పట్టణమున మరియొక తెగ పిల్లలున్నారు. వారు ఇంట అవ్వతో తెలుగున మాటలాడుదురు. ఆ అవ్వ పేరును తెలుగున వ్రాయుమన్నచో వ్రాయలేరు. వారికి బలహీనపడిన కాలు తెలుగే. వీరిని చూచినపుడే మాకు ఎక్కువ దిగులు. రెండవ కాలిని బలపరచుకొనుమని రహీముగారు చెప్పిరి గాని, మొదటి కాలిని నరికికొనుమని చెప్పలేదు.

ఆటలో గెలిచినంత మాత్రమున కొలువు దొరకదని ఆ తండ్రిగారు అనవచ్చును. నిజమే. మేమును అట్టి ఆశ చూపము. కాని పదిమంది నవ్వుచుండగా చేతగాని కాలితో బంతి తన్నుటకు కావలసిన ధైర్యమే, చేతగాని భాషలో నోరు విప్పుటకును కావలెను. ఆ ధైర్యమును లెక్కల గంటలో నేర్పుట మాకు చేతగాదు. అది మైదానమున దొరకును. కావున ఆటల గంటను తీసివేయుమని అడుగవలదని తల్లిదండ్రులకు మా మనవి.

విద్యార్థులారా! వచ్చే శనివారము సాయంకాలము మన మైదానమున బలహీనమైన కాలి పందెము జరుపుదము. మేమును ఆడుదుము, పడినచో మీరు నవ్వవచ్చును. ఆ మరుసటి సోమవారము ప్రతివారును తమకు కష్టమైన భాషలో, అది తమిళమైనను తెలుగైనను సరే, ఇంటి పెద్దలకొక ఉత్తరము వ్రాసి తీసికొనిరండు. తప్పులు మేము దిద్దుదుము. మొదట చెప్పిన తండ్రిగారిని గూడ పందెము చూడ రమ్మని పిలిచితిమి. వత్తునని చెప్పిరి.