శ్రీబాగ్ మాట

1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో తెలుగు నాయకులు కూర్చుని ఒక కాగితం మీద సంతకాలు చేశారు. ఆ ఇంటి పేరు మీదే అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది. కోస్తా వైపు నుంచి పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య ఉన్నారు. రాయలసీమ తరఫున కడప కోటిరెడ్డితో పాటు మా అనంతపురం పెద్దలు కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు ఉన్నారు. చదువులోనూ సంపదలోనూ ముందున్న సర్కారు జిల్లాలతో ఒకే రాష్ట్రంగా కలిస్తే తమ గతి ఏమవుతుందోనని సీమవాసులకు బెంగ ఉండేది. ఆ బెంగ తీర్చిన మాటే శ్రీబాగ్. ఆంధ్ర రాష్ట్రానికి పునాది అక్కడ పడింది.

నీళ్ల గురించి అందులో స్పష్టంగా ఉంది. పదేళ్లపాటు, అవసరమైతే కోస్తాతో సమానమయ్యేదాకా, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమ ప్రాజెక్టులకే ముందు వరస. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని మా అనంతపురం మెట్టనేలకు ఆ షరతు ప్రాణం. చెనిక్కాయ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే పైరు పైకి పచ్చగానే కనిపిస్తుంది. పీకి చూస్తే కాయలో పప్పు ఉండదు. ఒక్క తడి అందితే నిలిచే పంట అది.

విశ్వవిద్యాలయ కేంద్రాల్లో ఒకటి అనంతపురంలో పెట్టాలన్నారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చేసరికి 1981 అయింది. రాజధాని, హైకోర్టులలో ముందు కోరుకునే హక్కు సీమదే అన్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకు హైదరాబాదుకు తరలిపోయింది. ఇవాళ రాజధానీ హైకోర్టూ రెండూ కృష్ణా తీరాన ఉన్నాయి.

న్యూజిలాండులో 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధికీ అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలకూ వైటాంగిలో ఇలాగే ఒప్పందం జరిగింది. అక్కడ ఒక పక్షం వలస పాలకులు. ఇక్కడ ఇరువైపులా తెలుగువాళ్లే, కాబట్టి మనది ఇంకా గట్టిగా నిలవాల్సింది. వాళ్ల ఒప్పందాన్నీ మూలన పడేశారు. 1877లో ఒక న్యాయమూర్తి అది చెల్లదనే తేల్చేశాడు. మావోరీలు మాత్రం విడిచిపెట్టలేదు. 1975లో చట్టం చేసి ఫిర్యాదులు వినేందుకు ఒక ట్రిబ్యునల్ వేశారు. పదేళ్లకు 1840 నుంచి జరిగిన అన్యాయాలన్నిటినీ దాని పరిధిలోకి తెచ్చారు. 1987లో మావోరీ అధికార భాష అయింది. 1995లో వైకాటో మావోరీల నుంచి లాక్కున్న భూములకు క్షమాపణ చెబుతూ చేసిన చట్టం మీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం పెట్టింది. అక్కడా అన్నీ తీరిపోలేదు. అయినా అడగడానికి ఒక గడప ఉంది. శ్రీబాగ్‌కు అది లేదు. ఆ కాగితానికి ఏనాడూ చట్టబలం ఇవ్వలేదు.

సీమ గొంతు విడిపోయే గొంతని కొందరికి అనుమానం. 1928లో నంద్యాల సభలో దత్తమండలానికి రాయలసీమ అని పేరు పెట్టాలని ప్రతిపాదించిన చిలుకూరి నారాయణరావుగారు ఉత్తరాంధ్ర నుంచి వచ్చి అనంతపురం కళాశాలలో పాఠాలు చెప్పిన పండితులు. సీమ తన పేరునే అలా పొరుగు తెలుగువాడి చేతి నుంచి అందుకుంది. సింగమనేని నారాయణ కథల్లోని కరువును, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవలను తమవిగా చదువుకున్న కోస్తా పాఠకులు ఎందరో ఉన్నారు. వాళ్లకే మా విన్నపం. శ్రీబాగ్ ఒడంబడిక పూర్తి పాఠాన్ని పదమూడు కోస్తా, సీమ పాత జిల్లాల బడిపిల్లలందరి పుస్తకాల్లోనూ చేర్చమని మాతో పాటు మీరూ అడగండి. దానికి చట్టబలం కావాలని సీమకంటే ముందు మీరే అడగండి.