మన చేను లెక్కలు ఎవరి కోసం?

పత్తి ఏరే రోజుల్లో చేను గట్టు మీదికి ఒకరు ట్యాబ్ పట్టుకొని వస్తారు. పాసుబుక్కు నంబరు, ఎన్ని ఎకరాలు, ఏ విత్తనం, ఎన్ని బస్తాల యూరియా, ఎన్నిసార్లు మందు కొట్టారు అని అడిగి ఎక్కించుకుంటారు. ఫొటో తీస్తారు. "మీ ఫోన్‌కు సలహాలు వస్తాయి" అని చెప్పి పోతారు. ఈ లెక్కలు ఎక్కడికి పోతాయని అడిగితే ఆ వచ్చినవారికే తెలియదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మనలో చాలామందికి ఇది అనుభవమే.

విదేశీ డబ్బుతో కంప్యూటర్ వచ్చి రైతును ఉద్ధరిస్తుందన్న మాట మనకు కొత్త కాదు. 1999లో మెకిన్సే కంపెనీ సాయంతో 'విజన్ 2020' తయారైంది. వ్యవసాయం మీద బతికే జనాన్ని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం అందులో ఒక లక్ష్యం. 2001లో బ్రిటన్ ప్రభుత్వ సహాయ శాఖ డీఎఫ్‌ఐడీ తోడ్పాటుతో హైదరాబాద్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు, బ్రిటన్ డబ్బుతోనే విద్యుత్ సంస్కరణలు సాగాయి. పెరిగిన చార్జీల మీద జనం కదిలితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిపి ముగ్గురిని పొట్టన పెట్టుకున్నారు. అంతకు ముందే, 1997-98లో లద్దెపురుగు పత్తిని తినేస్తే మన జిల్లాల్లో, వరంగల్‌లో రైతులు పురుగుల మందు తాగి చనిపోయారు. వాళ్లకు కరువైంది సమాచారమా? పనిచేయని మందు అమ్మినవాణ్ని అడిగే దిక్కు లేదు, బ్యాంకు అప్పు లేదు, షావుకారు వడ్డీ ఆగలేదు. ఆ డీఎఫ్‌ఐడీ 2020లో వేరే శాఖలో కలిసిపోయింది. మన అప్పులు మాత్రం ఎందులోనూ కలిసిపోలేదు.

ఇప్పుడు అదే మాట కృత్రిమ మేధ పేరుతో వస్తోంది. ఖమ్మంలో 7,000 మంది మిర్చి రైతులతో 'సాగు బాగు' పథకం 2022లో మొదలైంది. ప్రపంచ ఆర్థిక వేదిక, రాష్ట్ర ప్రభుత్వం నడిపితే గేట్స్ ఫౌండేషన్ డబ్బు పెట్టింది. ఎకరం దిగుబడి 21 శాతం, ధర 8 శాతం పెరిగాయని, మందుల వాడకం 9 శాతం తగ్గిందని వాళ్ల లెక్క. ఆ లెక్క నిజమే అనుకుందాం. 2025లో మిర్చి ధర కూలిపోయినప్పుడు ఆ 8 శాతం ఎవరిని కాపాడింది? పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు చొప్పున కేంద్రం జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ ధరైనా రైతుల ఒత్తిడితో వచ్చిందే, ఏ యాప్ ఇప్పించిందీ కాదు.

పత్తి సంగతీ అంతే. 2025 ఆగస్టు 19న కేంద్రం విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. మన చేలు పూతకు వస్తున్న రోజులవి. తర్వాత ఆ మినహాయింపును డిసెంబరు చివరిదాకా పొడిగించింది, అంటే మన పత్తి అమ్మకానికి వచ్చే రోజులు చాలావరకు అందులోనే పోయాయి. ఎప్పుడు మందు కొట్టాలో చెప్పే ఫోన్, ఆ సుంకాన్ని ఆపగలదా? కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటిందని బండి వెనక్కి పంపితే దానికి సలహా ఉందా?

2023 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం వ్యవసాయ డేటా మార్పిడి వేదిక 'అడెక్స్'ను ప్రారంభించింది. రైతుల వివరాలు కంపెనీలకు, అంకుర సంస్థలకు అందితే కొత్త సేవలు వస్తాయన్నారు. ఎవరికి ఎంత అప్పుందో, ఎవరి చేను ఎండిందో తెలిసినవాడు బేరంలో మనకన్నా ఒక మెట్టు పైనే ఉంటాడు. అడ్తిదారు దగ్గర మనం నేర్చుకున్న పాఠమే ఇది. ఇక చాలామంది కౌలు రైతుల పేర్లు రికార్డుల్లో లేవు. ఆదిలాబాద్ పోడు రైతుల్లో పట్టా లేనివారు ఎందరో. రికార్డులో లేని మనిషికి కంప్యూటర్‌లో చేను ఉండదు. సేద్యం చేసేది ఒకరు, సేవ అందేది మరొకరికి.

దాత మనసు మారితే ఏమవుతుందో కూడా చూశాం. 2025 జనవరిలో అమెరికా కొత్త అధ్యక్షుడి ఒక్క సంతకంతో విదేశీ సహాయం నిలిచిపోయింది. జూలై నాటికి యూఎస్‌ఎయిడ్ మూతపడింది. ప్రపంచమంతటా పథకాలు మధ్యలో ఆగాయి. రైతుకు సలహా చెప్పే పని వాషింగ్టన్ సంతకం మీద వేలాడదీయవచ్చా?

మేము ఫోన్‌కు వ్యతిరేకం కాదు. రేపు వడగండ్లు పడతాయని ముందే తెలిస్తే కల్లంలో ధాన్యం దక్కుతుంది. కానీ ఆ పని మన పొలాస, ఆదిలాబాద్ పరిశోధన కేంద్రాలు, మన వ్యవసాయ విస్తరణ అధికారులు చేయాలి. వాళ్లకు నిధులివ్వకుండా, ఖాళీలు నింపకుండా ఆ చోట యాప్‌ను కూర్చోబెట్టడమే మోసం.

అందుకే అడుగుతున్నాం. గ్రామసభ ఒప్పుకోకుండా మన వివరాలు ఎవరికీ ఇవ్వొద్దు. ఇచ్చినవి ఎవరికి చేరాయో గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి. కౌలు, పోడు రైతులను సాగుదారులుగా నమోదు చేయాలి. మద్దతు ధరకు చట్టబద్ధత కల్పించాలి.

ఈసారి ట్యాబ్ పట్టుకొని ఎవరైనా గట్టు మీదికి వస్తే కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. వాళ్లు రాసుకునే ముందు మనమే అడుగుదాం: ఈ లెక్క ఎవరికి? దీనికి బదులుగా మా పత్తికి ధర ఎంత?