అసలు దస్తావేజు ఎవరి వద్ద?

కోల్‌కతాలో ఇల్లు కొనదలచినవారి సొలిసిటర్ నకళ్లతో తృప్తిపడరు. అసలు దస్తావేజులను కళ్లారా చూడాలంటారు. చాదస్తమని విసుగుకొనేవారున్నారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి నగరాలకు ఒక వెసులుబాటు ఇచ్చింది: అప్పుకు హామీగా దస్తావేజులను రుణదాత చేతికి అందించినంతనే తాకట్టు ఏర్పడుతుంది. పత్రం వ్రాయనక్కరలేదు, రిజిస్టరు చేయించనక్కరలేదు. వర్తకులకు అదెంతో అనుకూలం, కొనుగోలుదారుకు మాత్రం గండం. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో 30 ఏళ్ల ఇండెక్సులు తిరగవేసినా అట్టి అప్పు జాడ తెలియకపోవచ్చు. బ్యాంకుల తాకట్లను నమోదుచేసేందుకు 2011లో కేంద్ర రిజిస్ట్రీ వెలసినది. వడ్డీవ్యాపారి ఇనప్పెట్టెలోని కాగితాల సంగతి దానికేమి తెలుస్తుంది? దస్తావేజులు పోయినవని అమ్మకందారు చెప్పినచో, సొలిసిటర్ పోలీసు ఫిర్యాదు ప్రతిని కోరుతారు, అభ్యంతరాలుంటే తెలుపవలసినదిగా పత్రికలో ప్రకటన వేయిస్తారు. గడువు తీరేవరకు బయానా ఇవ్వనీయరు.