చీటీ లేని నాణెం

నాన్నగారి నాణేల పెట్టెను గురించి రాయాలని చాలాకాలంగా అనుకొంటూ వాయిదా వేస్తున్నాను. కారణం బద్ధకం కాదు, సిగ్గు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు “తొందరపడి దిద్దకండి, ముందు ఉన్నది ఉన్నట్టు చదవండి” అని చెప్పిన తెలుగు పండితుడు తన ఇంట్లోనే తొందరపడిన కథ ఇది. ఇలాంటి పెట్టె మిత్రులలో మరికొందరి ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. దాన్ని తెరవకముందే ఇది చదివితే మేలనిపించి రాస్తున్నాను.

మాది వేటపాలెం, నేతగాళ్ళ ఊరు. నాన్నగారు మగ్గం మీద కూర్చొన్న మనిషి కాదు. బట్టల మూట సైకిలుకు కట్టుకొని పర్చూరు, ఇంకొల్లు, చినగంజాం వైపు పల్లెలు తిరిగి అమ్మేవారు. పొగాకో పత్తో మిరపకాయలో అమ్ముడయ్యాక రైతులు బాకీలు తీర్చేవారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చిన తరువాత అణాలూ కానులూ క్రమంగా చెల్లకుండా పోయాయి కదా. ముసలమ్మలు ముంతల్లో దాచుకొన్న ఆ చెల్లని డబ్బులను నాన్నగారు రవికె గుడ్డకో తువ్వాలుకో మారుగా పుచ్చుకొనేవారు. అమ్మ సణిగేది. ఆయన నవ్వి ఊరుకొనేవారు.

ఇంటికి వచ్చాక ఒక్కొక్క నాణేన్ని రుమాలు ముక్కలో చుట్టి, నూలు బిల్లు వెనుకవైపు నాలుగు మాటలు రాసి, ఆ చీటీని కూడా అందులోనే పెట్టి దారంతో కట్టేవారు. “ఇంకొల్లు. పొగాకు బాకీ కింద. అత్తగారి ముంతలోది” – ఈ ధోరణిలో ఉండేవి ఆ రాతలు. క్రియాపదాలు వాడడంలో ఆయన పరమ పిసినారి.

ఆయన పోయిన ఏడాదికి సంక్రాంతికి అక్కయ్యా, తమ్ముడూ వచ్చారు. పెట్టె పంచుకోవాలని అనుకొన్నాము. వాళ్ళు వచ్చే ముందురాత్రి నేనొక్కడినే కూర్చొని మూటలన్నీ విప్పాను. వెండి ఒక పళ్ళెంలో, రాగి ఒక పళ్ళెంలో, నికెలు ఒకదానిలో, తెలియనివి ఒకదానిలో పోశాను. మళ్ళీ ప్రతి పళ్ళెంలోనూ విక్టోరియా, ఎడ్వర్డు, అయిదో జార్జి, ఆరో జార్జి అని రాజుల వారీగా పేర్చాను. చీటీలన్నీ ఒక కట్టగా చేసి రబ్బరు బ్యాండు వేశాను. రెండువందల పన్నెండు నాణేలు, నూట డెబ్బయి చీటీలు. ఛందస్సులో గణవిభజన తప్పు లేకుండా చేసినంత తృప్తి కలిగింది. రుమాలు ముక్కలు చాలా మాసిపోయి ఉండడంతో పారవేశాను కూడా.

తెల్లవారి అక్కయ్య పళ్ళేల ముందు కూర్చొని చాలాసేపు చూసింది.

“ఏరా, ఇంకొల్లు ముంతలోది ఏది?” అంది.

చెప్పలేకపోయాను. రాగి పళ్ళెంలో పావలా తక్కువ కాకుండా – క్షమించాలి, పాత అలవాటు – అరవై దాకా కానులున్నాయి. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

తాళపత్రాలతో పనిచేసిన వారెవరైనా నా తప్పును వెంటనే గుర్తుపడతారు. ప్రతి దొరికితే మొదట చేయవలసిన పని అది ఎవరింట్లో, ఏ ఊళ్ళో దొరికిందో రాసుకోవడం. తరువాత అందులోని పాఠాన్ని తప్పులతో సహా ఎత్తి రాసుకోవడం. పరిష్కరణ ఆ తరువాతి మాట. పది ప్రతులు దొరికాయి కదా అని వాటి ఆకులు విప్పి, అందమైన పద్యాలున్నవి ఒకవైపు, శిథిలమైనవి ఒకవైపు పేర్చేవాణ్ణి పరిష్కర్త అంటామా? నాణేల విషయంలో నేను చేసింది సరిగ్గా అదే. రాజు పేరు, సంవత్సరం, లోహం నాణెం మీదే ఉన్నాయి. వాటిని ఎప్పుడైనా, ఎవరైనా చదువుకోవచ్చు. నాణెం మీద లేనిది నాన్నగారి వరుస ఒక్కటే. దాన్నే చెరిపేశాను.

ఇక విలువ కట్టడం. పాతనాణేల వ్యాపారి ఒకాయన వచ్చి చూశాడు. నిదానస్థుడు, మాటలు నాన్చే రకం కాదు. తోమవద్దని ముందే ఫోనులో హెచ్చరించాడు. చింతపండు పెట్టి తళతళలాడించిన నాణేనికి సేకర్తల దగ్గర ధర పడిపోతుందట. అదృష్టవశాత్తూ నేను ఆ ఒక్క పాపం చేయలేదు.

కంపెనీవారు 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చిన నాటినుంచి 1939 వరకు రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. పాత తులానికి ఆ రూపాయి బరువే కొలత. యుద్ధం వచ్చి 1940 నుంచి వెండి సగానికి దిగింది. 1947లో వెండి పోయి నికెలు మిగిలింది. అందుకే కంసాలి ముందు సంవత్సరం చూస్తాడు. మా పెట్టెలో మేలివెండి రూపాయలు ముప్పయినాలుగు తేలాయి. వాటిలో అయిదో జార్జి 1911 రూపాయి ఒకటి ఉంది. రాజుగారి దుస్తుల మీది ఏనుగు పందిలా కనబడుతోందని గొడవయి, మరుసటి ఏడాది బొమ్మ మార్చారు. దానికి కొంచెం ఎక్కువ ధర పలుకుతుంది. తక్కినవి వెండి ధరకు అటూ ఇటూ.

లక్షలు పలికేది ఒక్కటీ లేదు. ఫలానా అయిదు రూపాయల బిళ్ళ మీ ఇంట్లో ఉంటే లక్షాధికారులే అని ఊరించే వీడియోలు తమ్ముడికి రోజుకొకటి వస్తున్నాయి. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే తన పేరు వాడుకొని పాతనాణేలు కొంటామనే మోసగాళ్ళను నమ్మవద్దని ప్రకటన ఇచ్చింది. అయినా ఆశ చావదు.

నా మనసు పట్టుకొన్నది మాత్రం నికెలు పళ్ళెంలోని అణాలు. ఎడ్వర్డు కాలం నుంచి 1947 దాకా అంచులు వంపులు తిరిగిన ఆ అణా మీద నాలుగు దేశీయ లిపుల్లో విలువ రాసి ఉంటుంది. అందులో ఒకటి తెలుగు. “ఒక అణా” అని ముచ్చటగా మన అక్షరాలు! తెల్లవాడి టంకశాల అచ్చువేసిన ఆ తెలుగు 1950లో మన సొంత నాణేలు వచ్చేసరికి మాయమయింది. నోట్ల మీద ఇప్పటికీ ఉంది గాని, లోహం మీద లేదు. ఆ అణాకు వ్యాపారి చెప్పిన ధర వింటే టీ తాగి ఊరుకోవచ్చు.

చీటీల కట్ట ఆయన ముందు పెట్టాను. తిరగవేసి చూసి, “మాస్టారూ, ఇవి బాగున్నాయి గాని వీటికి నేను డబ్బివ్వలేను” అన్నాడు. ఆయన మాట ఆయనకు న్యాయమే. అయితే బజారు లెక్క అక్కడితో ఆగిపోతుందనీ, ఇంటి లెక్క అక్కడ మొదలవుతుందనీ నా అభిప్రాయం. ఇంటి లెక్క ఒక్కటే కాదు, చరిత్ర లెక్క కూడా. రోమను బంగారు నాణెం రోములో దొరికితే వింత లేదు. మన వినుకొండ దగ్గర దొరికింది కాబట్టే మన మిరియాలు, బట్టలు ఎక్కడిదాకా పోయాయో మాట్లాడుకొంటున్నాము. ఆ నాణేనికి ఆ విలువ తెచ్చింది బంగారం కాదు, వినుకొండ అన్న మాట. మా ఊరి సారస్వత నికేతనం 1918లో పుట్టినది. అక్కడి పాత పత్రికల కోసం ఎక్కడెక్కడినుంచో పరిశోధకులు వస్తారు. ఆ పత్రికల మీది తేదీలన్నీ చించివేస్తే ఎవరు వస్తారు?

నేలలో లంకెబిందెలు దొరికినవారు కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టముంది. ఆ భయంతోనే ఎన్ని బిందెలు రాత్రికి రాత్రి కంసాలి మూసలో కరిగిపోయాయో! భయంతో కరిగించినవాడికీ, శ్రద్ధతో కలిపేసిన నాకూ పెద్ద తేడా కనబడడం లేదు.

“ఇంత రాత ఎందుకన్నయ్యా, ఫొటోలు తీసి వాటాలు వేసేద్దాం” అని తమ్ముడు అన్నాడు. అమ్మకం తప్పని నేననను. అక్కయ్యకు మోకాలి ఆపరేషను చేయించవలసి ఉంది. ఆ ముప్పయినాలుగు రూపాయలూ అందుకే అమ్ముదామని ముగ్గురమూ ఒప్పుకొన్నాము. నాన్నగారు ఉన్నా అదే చేసేవారు. కాని నాణెం చేయి దాటేముందు దాని ఊరూ పేరూ ఇంట్లో ఒక పుస్తకంలో ఉండాలన్నాను. ఫొటోలో బొమ్మ వస్తుంది గాని పొగాకు బాకీ రాదు కదా.

దీనికి సాక్ష్యం ఆ పెట్టెలోనే దొరికింది. రాముడి పట్టాభిషేకం బొమ్మతో, 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్న బిళ్ళ ఒకటి. ఇలాంటివి సంతల్లో ఇప్పటికీ అమ్ముతారు. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ వేయలేదు. వ్యాపారి చూసి, “పాపం, పెద్దాయన మోసపోయారు” అన్నాడు. రాముడి బిళ్ళ ఒక్కటే కాబట్టి దాని చీటీ తేలికగా దొరికింది: “నకిలీ. తెలిసే తీసుకొన్నాను. ముసలాయన ఇంట్లో బియ్యం లేవు.”

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం భూతద్దంతో కూర్చొంటున్నాను. రాగి నాణెం ఏళ్ళతరబడి ఆనుకొని ఉన్నచోట కాగితం మీద పచ్చటి వలయం పడింది. కానీని ఆ వలయం మీద పెట్టి, అంచు సరిపోతుందో లేదో, అరుగుదల కలుస్తుందో లేదో చూడడం. రుమాలు ముక్కలు పారవేయకుండా ఉంటే వాటి మీది మరకలూ పనికొచ్చేవి. ఇప్పటికి నలభయి ఒక్క చీటీలు తమ నాణేలను చేరాయి.

ఒక చీటీ మీద ఇలా ఉంది: “మోటుపల్లి. ఇసుకలో. గొర్రెలు కాసే కుర్రవాడు. తువ్వాలు ఇచ్చాను.” మోటుపల్లి మాకు దక్షిణంగా సముద్రతీరంలో ఉంది. 1244లో గణపతిదేవుడు ఓడ వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. అంతకు వెయ్యేళ్ళ ముందు శాతవాహనులు ఈ తీరంలో ఓడ బొమ్మతో సీసపు నాణేలు వేశారు. తెలియనివాటి పళ్ళెంలో సీసపు బిళ్ళలు రెండున్నాయి. రెండూ అరిగి నున్నబడ్డాయి. ఒకదాని మీద ఏదో గీత ఉన్నట్టూ లేనట్టూ ఉంది. సీసం కాగితం మీద వలయం వదలలేదు. రెండింటినీ ఆ చీటీతో కలిపి ఒకే మూట కట్టాను. నా చీటీ కూడా ఒకటి రాసి పెట్టాను: “ఈ రెండింటిలో ఒకటి మోటుపల్లిది. ఏదో తెలియకపోవడానికి కారణం నేను.”

ఆపరేషను అయ్యాక అక్కయ్య ఇక్కడికే వచ్చి నెలరోజులు ఉంటానంది. చిన్నప్పుడు నాన్నగారు చెబుతుంటే చీటీలు కొన్ని తనే రాసిందట. ఆ దస్తూరీ ఉన్నవి ఇరవైదాకా వేరుగా తీసి ఉంచాను.