ఆవిరి ఏనుగుకి నీళ్ళెవరు పోస్తారు?

కథలు రాసుకునే కుర్రాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పెట్రోలు ఇంజను పుట్టకుండా చరిత్ర ఇంకో దారి పట్టిందనుకుని కథ అల్లుకున్నాం. యుద్ధ యంత్రాలన్నీ ఆవిరితోనే నడుస్తాయి. తెరమీద జనం నమ్ముతారంటారా?" అని.

నమ్ముతారండీ, ఎందుకు నమ్మరు! కాకపోతే ఒక షరతు. ఆ యంత్రం నీళ్ళెక్కడ తాగుతుందో, దానికి బొగ్గెవడు వేస్తాడో చూపించాలి.

1999లో వచ్చిన 'వైల్డ్ వైల్డ్ వెస్ట్'లో ఇనుప సాలీడు గుర్తుందా? 1869 నాటి అమెరికాలో, ఎండిపోయిన నేలమీద ఎనిమిది కాళ్ళతో ధనధనమంటూ నడిచొస్తుంది. కళాదర్శకుడి పనితనానికి దణ్ణం పెట్టచ్చు. కానీ అంత దేహం అలా తిరిగి తిరిగి, ఎక్కడా ఆగి నీళ్ళు పట్టుకున్నట్టు నాకైతే కనబడలేదు. రైలింజనులో వేసిన బొగ్గు వేడిలో పదోవంతు కూడా పనికి రాదు, మిగతాదంతా పొగగొట్టం పాలు. మనం ముచ్చటపడే ఆ 'ఛుక్ ఛుక్' ఏమిటనుకున్నారు? పనిచేసిన ఆవిరి గాలిలో కలిసిపోతున్న చప్పుడు. అంటే నీళ్ళు ఖర్చవుతున్న చప్పుడన్నమాట!

అందుకే ఆవిరి సముద్రం మీద రాజ్యమేలింది. ఓడలో వాడేసిన ఆవిరిని సముద్రపు నీటితో చల్లార్చి మళ్ళీ బాయిలరుకే పంపచ్చు. నేలమీద ఆ సుఖం లేదు. 1769-70లోనే ఫ్రెంచి సైన్యం కోసం క్యూనో అనే ఇంజనీరు ఫిరంగులు లాగే మూడు చక్రాల ఆవిరి బండి చేశాడు. గంటకి నాలుగు కిలోమీటర్ల వేగం, అదీ మధ్యమధ్య ఆగి, ఆవిరి మళ్ళీ పుట్టేదాకా కూచుని. శత్రువు ఈలోపు భోంచేసి రావచ్చు. ఇప్పుడది పారిస్ మ్యూజియంలో వుంది.

పట్టాలెక్కిస్తే కొంత మేలు. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి కవచాల రైళ్ళు నడిపారు. 1899 నవంబర్ 15న అలాంటి రైలొకటి వెళ్ళి, బోయర్లు పట్టాలమీద పెట్టిన రాళ్ళకి గుద్దుకుని పడింది. అందులో పత్రికా విలేఖరిగా ఎక్కిన చర్చిల్ ఖైదీ అయిపోయాడు. అంత ఇనుము, అంత ఆర్భాటం, నాలుగు రాళ్ళతో సరి! మీ హీరో తెలివి చూపించడానికి ఇంతకంటే మంచి సన్నివేశం దొరుకుతుందా?

1918లో అమెరికా సైన్యం ఇంజనీర్లు నిజంగానే ఆవిరి టాంకు కట్టారు. బొగ్గు కాదు, కిరసనాయిలు. బరువు సుమారు యాభై టన్నులు, వేగం గంటకి నాలుగు మైళ్ళు, ముందువైపు మంటలు చిమ్మే గొట్టం. 'అమెరికా' అని పేరు కూడా పెట్టారు. ఒక్కటంటే ఒక్కటే తయారైంది. యాభై టన్నుల ఇనుప పెట్టెలో మరుగుతున్న బాయిలరు పక్కన కూచోవాల్సిన సిపాయిని తల్చుకోండి. గుండు బాయిలరుకి తగిలితే అతన్ని చంపేది గుండు కాదు, ఆవిరి.

ఇవన్నీ చెప్పి బ్రిటిష్ నౌకాదళం 'కె' తరగతి జలాంతర్గాముల మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఆవిరితో నడిచే జలాంతర్గామి! మునిగే ముందు పొగగొట్టాలు మడవాలి, గాలి దారులన్నీ మూయాలి. 1917 జనవరిలో 'కె-13' పరీక్షకి మునిగినప్పుడు బాయిలరు గది గాలి దారులు తెరిచే వున్నాయి. నీళ్ళు లోపలికి దూకాయి. 32 మంది పోయారు. ఏడాది తరవాత, 1918 జనవరి 31 రాత్రి, స్కాట్లండ్ దగ్గర ఈ తరగతివే రెండు సొంత నౌకాదళం ఓడల్నీ, పడవల్నీ గుద్దుకుని మునిగాయి. నూరు మందికి పైగా చచ్చిపోయారు. ఆ రాత్రి అక్కడ శత్రువే లేడు. ట్రిక్కు షాట్లకి లక్షలు పోసే నిర్మాతలు ఇలాంటి కథ వైపు ఎందుకు చూడరో నాకు అర్థం కాదు.

మరి యంత్రం కల్పించాలంటే? జపాను దర్శకుడు ఒటోమో 2004లో తీసిన 'స్టీమ్‌బాయ్' చూడండి. ఆవిరికి ఇంత శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందని మనం అడక్కముందే ఆయన జవాబిచ్చేశాడు. అసాధారణమైన వత్తిడిని ఓ లోహపు బంతిలో బంధించారట. అదొక్కటే అబద్ధం. మిగతా వాల్వులు, గొట్టాలు, మీటర్లు అన్నీ ఆ అబద్ధానికి లోబడి నడుస్తాయి. ప్రేక్షకుడు ఒక అబద్ధాన్ని టిక్కెట్టుతోపాటే కొనుక్కుంటాడు. రెండోది అడిగితేనే ఈల వేస్తాడు.

కనక కుర్రాళ్ళూ, మీ యంత్రానికి కాళ్ళెన్నో తరవాత గీయండి. ముందు కాగితం మీద నది గీయండి, బొగ్గు గని గీయండి. ఆ రెంటికీ మధ్య అది ఎంత దూరం పోగలదో లెక్కేయండి. యుద్ధం అక్కడే జరుగుతుంది. శత్రువు కొట్టేది యంత్రాన్ని కాదు, వెనకాల వచ్చే నీళ్ళ బండిని. చల్లారిన బాయిలరు మళ్ళీ వేడెక్కడానికి గంటలు పడుతుంది గనక, తెల్లవారుజామున దాడి అంటే అర్ధరాత్రే నిప్పు రాజెయ్యాలి. ఆ పొగ ఎవరో చూస్తారు. చూశారా, స్క్రీన్‌ప్లే దానంతటదే నడుస్తోంది!

ఇక క్లైమాక్సు సంగతి. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ 1880లోనే మన దేశం మీద నడిచే ఆవిరి ఏనుగుని సృష్టించాడు. 1857 తిరుగుబాటు తరవాతి కథ, నానా సాహెబు కూడా అందులో పాత్రే. చివర్లో ఆ ఏనుగు బాయిలరు బద్దలై పేలిపోతుంది. మీరూ వేరే బాంబు వెతుక్కోనక్కర్లేదు, మొదటి రీలు నుంచీ దాని కడుపులోనే వుంది. సేఫ్టీ వాల్వుని ఎవడు బిగించి కట్టేస్తాడో, ఎందుకు కట్టేస్తాడో, అది మాత్రం మీరే రాసుకోవాలి.